తక్కువ కరెంటు తాగే పాత మదర్‌బోర్డులో కోర్‌బూట్ వేయొచ్చా? తేడా వస్తే బోర్డు పోతుందా?

మీరు అడిగింది ఇది: ఇంట్లో చిన్న సర్వర్ పెట్టుకోవడానికి చవకలో దొరికే, కరెంటు తక్కువ తాగే బోర్డు ఒకటి కొందామనుకుంటున్నారు. దాంట్లో కంపెనీ బయోస్ (పవర్ ఇవ్వగానే ముందు నడిచి కంప్యూటర్‌ని లేపే ప్రోగ్రామ్) తీసేసి కోర్‌బూట్ లాంటి ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్ వేయొచ్చా, ఏ బోర్డు మంచిది, పొరపాటు జరిగితే బోర్డు చచ్చిపోతుందా?

వేయొచ్చు. బోర్డు చావదు. కాకపోతే ఈ రెండో మాట నిజం కావాలంటే డబ్బు చేతులు మారకముందే బయోస్ చిప్పు ఎలా కూర్చుందో చూసుకోవాలి. సాకెట్లో గుచ్చిన, లేపితే ఊడి వచ్చే ఎనిమిది కాళ్ల చిప్పు ఉంటే ఆ బోర్డుని మీరు చంపుదామన్నా చావదు. తప్పు ఫైలు ఎక్కిందా, చిప్పు పీకి, పాత చిప్పు గుచ్చితే మళ్లీ లేస్తుంది. ఆ తర్వాత చూడాల్సింది సీరియల్ పోర్టు, అంటే బోర్డు లేస్తూ ఏం చేస్తోందో అక్షరాల్లో బయటికి చెప్పే దారి. ఈ రెండూ ఉండి, కోర్‌బూట్ బోర్డుల జాబితాలో పేరుంటే కళ్లు మూసుకుని కొనేయండి. ఎన్ని కోర్లు, ఎన్ని గిగాహెర్ట్జ్ అన్నది ఆఖర్న చూసుకోవచ్చు.

నన్ను ఇందులోకి దింపింది ఎఫ్1 మీట. గుంటూరులో మా ఇంట్లో ఫోటోలు, పెళ్లి వీడియోలు దాచే పెట్టె ఒకటి ఇన్వర్టర్ మీద నడిచేది. అప్పట్లో అందులో ఉన్నది వేరే బోర్డు. తేదీ, సెట్టింగులు గుర్తుంచుకునే సీమోస్ బ్యాటరీ నీరసించాక, కరెంటు పోయి ఇన్వర్టర్ కూడా దిగిపోయినప్పుడల్లా అది లేచి 'ప్రెస్ ఎఫ్1 టు కంటిన్యూ' అని చూపించి ఆగిపోయేది. ఆ పెట్టెకి కీబోర్డూ లేదు, మానిటరూ లేదు. నేనేమో హైదరాబాదులో. “ఏరా, ఫోటోలు రావట్లేదు” అని నాన్న ఫోను. బ్యాటరీ మార్చుకోవచ్చుగా అంటారు, మార్చాం కూడా. నా కోపం బ్యాటరీ మీద కాదు. డబ్బులిచ్చి కొన్న బోర్డు, తేదీ మర్చిపోయినంత మాత్రాన ఎవరో వచ్చి మీట నొక్కేదాకా పని చేయనని కూర్చుంటుంది. అలా కూర్చోమని చెప్పిన ప్రోగ్రామ్‌ని చదవడానికి లేదు, మార్చడానికి లేదు. కంపెనీకి మెయిల్ పెడితే ఆ మోడల్‌కి సపోర్ట్ అయిపోయిందని జవాబు. బోర్డు దిట్టంగా పని చేస్తూనే ఉంది, అయిపోయింది వాళ్ల ఓపిక మాత్రమే.

అప్పుడు వెతికి పట్టుకున్నది ఏఎస్‌రాక్ ఈ350ఎం1. 2011లో వచ్చిన మినీ ఐటీఎక్స్ (చిన్న సైజు) బోర్డు, సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. ఏఎండీ ఈ-350 ప్రాసెసర్ బోర్డుకే అతికి వస్తుంది. రెండు కోర్లు, 1.6 గిగాహెర్ట్జ్, 18 వాట్లు. ఇవాళ్టి లెక్కలో నెమ్మదే, ఫోటోలు దాచడానికి మాత్రం చాలు. దీన్నే ఎందుకు పట్టుకున్నానంటే, ఆ 2011లోనే ఏఎండీ ఈ తరం ప్రాసెసర్ల అజెసా కోడ్‌ని సోర్సుతో సహా కోర్‌బూట్‌కి ఇచ్చింది. అజెసా అంటే ప్రాసెసర్‌నీ ర్యామ్‌నీ నిద్రలేపే కోడ్. ఫర్మ్‌వేర్‌లో ర్యామ్‌ని లేపడమే అన్నిటికంటే మొండి పని. అప్పటికింకా ర్యామ్ లేదు కాబట్టి ప్రాసెసర్ లోపలుండే క్యాష్ అనే చిన్న మెమరీనే ర్యామ్‌లా వాడుకుంటూ ఆ పని చేయాలి. చాలా బోర్డుల్లో ఈ ముక్కే మూసిపెట్టిన బైనరీగా వస్తుంది. ఈ బోర్డులో అది చదువుకోవచ్చు. బయటి నుంచి తెచ్చి కలపాల్సినవి ముఖ్యంగా మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సవరణలు), వీడియో బయోస్ (తెర మీద బొమ్మ లేపే కోడ్). వీడియో బయోస్‌ని కంపెనీ ఇచ్చిన బయోస్ ఫైల్లోంచే విడదీసి, 1002,9802 అనే పీసీఐ ఐడీతో చేర్చాలి. తర్వాతి తరాల్లో ఏఎండీ లోపల పెట్టిన పీఎస్‌పీ అనే, మూసిన కోడ్ నడిపే చిన్న ప్రాసెసర్ గొడవ ఇందులో లేదు.

కంపైల్ చేయడం, అంటే సోర్సుని చిప్పులో రాసే ఫైలుగా మార్చడం, భయపడేంత పని కాదు. లైనక్స్‌లో క్రాస్ కంపైలర్ తయారవడానికి టైమ్ పడుతుంది, అంతే. మెనూకాన్ఫిగ్ అనే సెట్టింగుల మెనూలో బోర్డు ఎంచుకుని, పేలోడ్‌గా (కోర్‌బూట్ పని అయ్యాక ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్‌గా) సీబయోస్ పెట్టి మేక్ కొడితే 4 ఎంబీ ఫైలు చేతికొస్తుంది. చిప్పు దొరకడమే కష్టమైంది. అసలు చిప్పు జోలికి పోకూడదన్నది నా నియమం. దాన్ని పీకి, ఒక కాపీ చదివి పెట్టుకుని, డబ్బాలో దాచేయాలి. ప్రయోగాలన్నీ ఇంకో చిప్పు మీద చేసుకోవాలి. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే లాప్‌టాప్‌లకి అతికించే రకమే ఉంది, సాకెట్లో గుచ్చే డిప్ రకం లేదన్నారు. అలా సికింద్రాబాదు సీటీసీలో 'చిప్ లెవెల్ సర్వీస్' అని రాసున్న చిన్న కొట్టుకి చేరాను.

లోపల ఒకాయన, యాభై దాటి ఉంటాయి. మైక్రోస్కోప్ పక్కన టీ గ్లాసు, కొట్టంతా ఫ్లక్స్ వాసన. నా మాట పూర్తయ్యేలోపే లేచి, మూలనున్న చచ్చిన డెస్క్‌టాప్ బోర్డుల గుట్టలోంచి ఒకదాన్ని లాగి, సన్న స్క్రూడ్రైవర్‌తో బయోస్ చిప్పు పీకి లైటు కింద పెట్టాడు. విన్‌బాండ్ 25క్యూ32. అదే 4 ఎంబీ. చిప్పులో ఫైలు రాసే సీహెచ్341ఏ ప్రోగ్రామర్‌లో పెట్టి, నా పెన్‌డ్రైవ్ తెరిచి ఫైలు వంక చూశాడు.

“ఈ బిన్ ఫైల్ యాడికెల్లి తెచ్చినవ్ తమ్మీ?”

“నేనే కంపైల్ చేశానన్నా.”

“నువ్వే చేసినవా? కంపెనోళ్లది కాదా?”

నమ్మలేదు, అయినా ఎరేజ్ కొట్టి, రాసి, వెరిఫై చేసి ఇచ్చాడు. బోర్డు నా సంచిలోనే ఉంది. ఇక్కడే చూద్దాం పెట్టమన్నాడు. తన ఎస్ఎంపీఎస్ తగిలించి, పవర్ పిన్నులు రెండూ స్క్రూడ్రైవర్‌తో ముట్టించాడు. ఫ్యాన్ తిరిగింది, మానిటర్ మీద చీకటి. “అయిపాయె” అన్నాడాయన. అప్పటికే సీరియల్ తీగ నా లాప్‌టాప్‌కి పెట్టి ఉంది. అందులో అక్షరాలు కదులుతున్నాయి, అదే లాగ్. మొదట కోర్‌బూట్ వెర్షన్, తర్వాత బూట్‌బ్లాక్, ఆ తర్వాత రోమ్‌స్టేజ్ అనే దశలు, అజెసా పిలుపులు ఒకటొకటి. ర్యామ్‌ని లేపే చోట టక్కున ఆగింది. లాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను.

“ర్యామ్ కాడ ఆగిందా? ఇటియ్యి.”

సొరుగులోంచి స్కూలు పిల్లల రబ్బరు తీశాడు. ర్యామ్ కింది బంగారు రంగు గీతల మీద రెండు వైపులా రుద్దాడు, బ్రష్‌తో దులిపాడు, స్లాట్‌లో టక్ మనేలా నొక్కాడు. మళ్లీ పిన్నులు ముట్టించాడు. ఈసారి లాగ్ ఆగలేదు. ర్యామ్ లేచింది, పీసీఐ పరికరాల పేర్లు వరసగా పరిగెత్తాయి, సీబయోస్ వచ్చింది, చీకటిగా ఉన్న మానిటర్ మీద బూట్ మెనూ కోసం ఎస్కేప్ నొక్కమనే లైను వెలిగింది. ఆయన మానిటర్ వంక చూడనే లేదు. లాప్‌టాప్‌లో లాగ్ పైకి జరుపుకుంటూ చదువుతున్నాడు.

“కంపెనీ బయోస్ గూడ లోపట గివన్నీ అనుకుంటనే ఉంటదా?”

“ఉంటుందన్నా. మనకి చెప్పదు.”

“చెప్తే ఏం పోతది వాళ్లకి?”

ఆయన జీవితమంతా చచ్చిన బోర్డుల మీద మల్టీమీటర్ పెట్టి, ఏ కాయిల్ దగ్గర ఎంత ఓల్టేజీ వస్తోందో చూసి, ఫ్యాన్ తిరిగి ఆగిన తీరుని బట్టి జబ్బు ఊహించిన మనిషి. కోర్‌బూట్ వల్ల లాభమేంటి అని అడిగినవాళ్లకి అందరూ బూట్ స్పీడు గురించి చెబుతారు. స్పీడు ఉంది, కాదనను. నా దృష్టిలో అసలు లాభం ఆ లాగ్. ఎక్కడ ఆగిందో యంత్రమే చెబుతుంటే రిపేరు సగం అయిపోయినట్టే. ఈ దేశంలో పారేస్తున్న బోర్డుల్లో చాలావాటికి ఇలాంటి లాగ్ ఉంటే ఇంకో పదేళ్లు బతుకుతాయని నా గట్టి నమ్మకం. మా నాన్నకి ఇప్పుడు ఎఫ్1 బాధ లేదు. పవర్ బటన్ నొక్కితే చాలు, పెట్టె ఎవరినీ ఏమీ అడగకుండా లేస్తుంది.

సీరియల్ తీగ విషయంలో జాగ్రత్త. ఈ బోర్డు మీదున్నది కామ్ హెడర్ (సీరియల్ తీగ గుచ్చే పిన్నులు), అంటే అసలైన ఆర్ఎస్-232 ఓల్టేజీలు. ఆర్డుయినోలకి వాడే చిన్న యూఎస్‌బీ టీటీఎల్ మాడ్యూల్ దానికి పెడితే మాడిపోవచ్చు. తొమ్మిది పిన్నుల కనెక్టర్ ఉన్న యూఎస్‌బీ కన్వర్టర్, పంపే, అందుకునే తీగలు అటూఇటూ మారి ఉండే నల్ మోడెమ్ క్రాస్ కేబుల్, హెడర్ నుంచి బయటికి లాగే బ్రాకెట్ కావాలి. బ్రాకెట్ తీగల అమరికలో రెండు రకాలున్నాయి, చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి. మల్టీమీటర్‌తో పిన్నులు సరిచూసుకున్నాకే తగిలించండి. స్పీడు 115200. లైనక్స్ లేచాక అయితే సీబీమెమ్ అనే పనిముట్టుతో అదే లాగ్ తీగ లేకుండా కూడా చదువుకోవచ్చు.

సీహెచ్341ఏ గురించీ చెప్పాలి. మార్కెట్లో కనిపించే నల్ల బోర్డుల్లో చాలావాటికి చిప్పుకిచ్చే పవర్ 3.3 ఓల్టులే అయినా డేటా తీగల మీద 5 ఓల్టులు వస్తాయి. చాలా చిప్పులు ఓర్చుకుంటాయి, అన్నీ ఓర్చుకోవు. కొత్త లాప్‌టాప్‌ల్లో వచ్చే 1.8 ఓల్టుల చిప్పుకైతే మధ్యలో అడాప్టర్ లేకుండా అస్సలు పెట్టొద్దు. కాపీ తీసేటప్పుడు చిప్పుని రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకటేనా అని పోల్చుకోండి. బోర్డుకి అతికిన చిప్పు మీద పెట్టే క్లిప్ సరిగా పట్టకపోతే చెత్త చదివి కూడా ప్రోగ్రామర్ అంతా బాగుందనే చెబుతుంది.

'తక్కువ కరెంటు' అన్న మాటని కూడా కాస్త అనుమానించండి. 2008 నాటి ఇంటెల్ డీ945జీసీఎల్ఎఫ్ కూడా కోర్‌బూట్ నడిచే చవక బోర్డే. అందులో ఆటమ్ 230 ప్రాసెసర్ 4 వాట్లే, ప్రాసెసర్‌ని ర్యామ్‌తో, మిగతా పరికరాలతో కలిపే 945జీసీ చిప్‌సెట్ మాత్రం 22 వాట్లు. అందుకే ఫ్యాన్ ప్రాసెసర్ మీద కాకుండా చిప్‌సెట్ మీద ఉంటుంది. ప్రాసెసర్ అంకె ఒక్కటే చూసి కొంటే ఇన్వర్టర్‌కి పెద్ద తేడా తెలియదు.

రూటర్ కోసమైతే పీసీ ఇంజిన్స్ ఏపీయూ2 చక్కటిది. జీఎక్స్-412టీసీ ప్రాసెసర్, 6 వాట్లు, ఫ్యాక్టరీ నుంచే కోర్‌బూట్‌తో వచ్చేది. ఆ స్విట్జర్లాండ్ కంపెనీ 2023లో ఆ వరుస ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పైగా అందులో అజెసా బైనరీయే, ఎందుకంటే ఏఎండీ తర్వాతి తరాలకి సోర్సు ఇవ్వడం మానేసింది. 2023లో ఓపెన్‌సిల్ పేరుతో మళ్లీ తెరుస్తామని చెప్పింది, మంచిదే. కొత్తది కావాలంటే ఇంటెల్ ఎన్-సిరీస్‌లో ఓడ్రాయిడ్ హెచ్4కి కోర్‌బూట్ ఉంది. అక్కడ ర్యామ్‌ని లేపేది ఇంటెల్ ఇచ్చే ఎఫ్ఎస్‌పీ అనే మూసిన బైనరీ, పక్కన మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే, మూసిన కోడ్ నడిపే ఇంకో చిన్న ప్రాసెసర్ కూడా ఉంటుంది. అది తెలిసి కొనుక్కుంటే ఏ ఇబ్బందీ లేదు. 2013 తర్వాతి ఇంటెల్ యంత్రాల్లో ఇంకో గండం బూట్‌గార్డ్. తయారుచేసినవాడు తన తాళాన్ని చిప్‌సెట్ ఫ్యూజుల్లో కాల్చేసి ఉంటే మీ ఫర్మ్‌వేర్ ఎంత బాగా రాసినా నడవదు, ప్రోగ్రామర్ ఉన్నా దండగే. డబ్బు పెట్టి కొన్నవాడికి తాళం చెవి ఇవ్వకపోవడాన్ని భద్రత అంటే నేను ఒప్పుకోను.

ఇవన్నీ ఎందుకు, రాస్‌బెర్రీ పై కొనుక్కోమని ఎవరో ఒకరు చెబుతారు. రాస్‌బెర్రీ పై మంచి బోర్డే. కానీ అది ఓపెన్ అనుకుని కొనకండి. పవర్ ఇవ్వగానే అందులో ముందు లేచేది మూసిపెట్టిన ఫర్మ్‌వేరే.

మీరు స్టూడెంట్ అయితే మాత్రం ఈ350ఎం1 కోసం వెతుకుతూ కూర్చోవద్దు. మన దగ్గర ఏ పాత కంప్యూటర్ల కొట్టుకి వెళ్లినా ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ బోర్డులు గుట్టలుగా ఉంటాయి. ఆ తరం ఇంటెల్ ప్రాసెసర్లకి ర్యామ్‌ని లేపే కోడ్ కోర్‌బూట్‌లో పూర్తిగా సోర్సుగానే ఉంది. మేనేజ్‌మెంట్ ఇంజిన్‌ని మీక్లీనర్ అనే పనిముట్టుతో చాలావరకు కత్తిరించొచ్చు. అసుస్, గిగాబైట్ హెచ్61 బోర్డులు కొన్ని ఇప్పటికే జాబితాలో ఉన్నాయి, లేనివి బోలెడు. లేని బోర్డు మీద లైనక్స్ నడిపి ఆటోపోర్ట్ అనే పనిముట్టు వాడితే, కొత్త పోర్ట్‌కి కావాల్సిన అస్థిపంజరం అదే కట్టి ఇస్తుంది. మిగిలింది సూపర్ ఐఓ (సీరియల్, కీబోర్డు లాంటి పోర్టులు చూసుకునే) చిప్పు, ఫ్యాన్లు, ఆడియో పిన్నులు సరిచేయడం. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుని అమీర్‌పేటలో రిపోర్టుతో సహా కొనుక్కుని, వైవాలో ఏం చెప్పాలో బట్టీ పట్టే పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ల్యాబ్‌లో 8085 కిట్ మీద రెండు అంకెలు కూడి వచ్చేస్తారు, తమ టేబుల్ మీదున్న కంప్యూటర్ ఎలా లేస్తుందో మాత్రం ఎవరూ చూపించరు. నలుగురు స్నేహితులు కలిసి ఒక హెచ్61 బోర్డు, ఒక స్పేర్ చిప్పు, ప్రోగ్రామర్ కొంటే ఆ ప్రాజెక్టుకయ్యే ఖర్చులో కొంతే అవుతుంది. పోర్ట్ పూర్తయితే కోర్‌బూట్ వాళ్లు కోడ్ పరిశీలించే గెరిట్ అనే సైట్‌లో పెట్టండి. ముక్కూ మొహం తెలియనివాళ్లు లైను లైనుకీ వంకలు పెడతారు, మొదట్లో బాధేస్తుంది. ఓపిగ్గా దిద్ది మళ్లీ పంపండి. ఆ బోర్డు పేరు జాబితాలోకి ఎక్కాక ఏ ఇంటర్వ్యూలోనైనా దాని గురించి గంటసేపు మాట్లాడగలరు, అందులో బట్టీ పట్టింది ఒక్క ముక్క ఉండదు.

కొనబోయే బోర్డు మోడల్, బయోస్ చిప్పు దగ్గర్నుంచి తీసిన ఫోటో కామెంట్లో పెట్టండి. సాకెట్ ఉందో లేదో, జాబితాలో ఉందో లేదో చూసి చెబుతాను.