గబ్బిలాల్లో వైరస్ 96 శాతం కలిసిందంటే ఏంటి?

ప్రశ్న: గబ్బిలాల్లో దొరికిన ఒక వైరస్ కోవిడ్ వైరస్‌తో 96 శాతం కలిసిందని చదివాను. 96 అంటే దాదాపు అదే కదండీ? అసలు గబ్బిలాల్లో వైరస్‌లు ఎలా వెతుకుతారు, ఏ జంతువు నుంచి ఏ జంతువుకి వెళ్ళాయో ఎలా చెప్తారు? గబ్బిలాల్నే లేకుండా చేస్తే పోదా?

జవాబు: 96 అనగానే అందరూ పరీక్ష మార్కులనుకుంటారు, అక్కడే తప్పు. కరోనా వైరస్ జీనోమ్‌లో, అంటే దాని మొత్తం జన్యు రాతలో, సుమారు 30 వేల అక్షరాలుంటాయి, అందులో 4 శాతం తేడా అంటే వెయ్యికి పైగా మార్పులన్నమాట, అవి ఒక్క ఏడాదిలో వచ్చేవి కావు. మీరు చదివింది చైనాలోని యున్నాన్‌లో 2013లో తీసిన శాంపిల్‌లో దొరికిన ఆర్‌ఏటీజీ13 అనే గబ్బిలం వైరస్ గురించే అయ్యుంటుంది, పోలిక 96.2 శాతం. అదీ, కోవిడ్ వైరస్సూ విడిపోయి కొన్ని దశాబ్దాలైందని లెక్కలు చెప్తున్నాయి, అంటే దాయాదులే గానీ తల్లీపిల్లా కాదు. తర్వాత లావోస్‌లో దొరికిన బానాల్-52 ఇంకొంచెం దగ్గర, 96.8.

ఇక వెతకడం. చీకటి పడే టైమ్‌కి గుహ బయట సన్నటి వలలు కట్టి, పడ్డవాటి నోట్లోంచి, మలద్వారం నుంచి స్వాబ్ తీసి వదిలేస్తారు. చెట్లకి వేలాడే పెద్ద గబ్బిలాలైతే పట్టుకోవక్కర్లేదు, కింద ప్లాస్టిక్ షీట్ పరిస్తే ఉచ్చ, రెట్ట అవే పడతాయి. ఈ వైరస్‌ల జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏ తొందరగా పాడైపోతుంది కాబట్టి వెంటనే బాగా చల్లగా పెట్టేయాలి. ల్యాబ్‌లో పీసీఆర్ (జన్యు ముక్కని బోలెడు కాపీలు చేసి పట్టుకునే పరీక్ష) చేసేది మొత్తం జీనోమ్‌కి కాదు, ఆ వైరస్ కుటుంబంలో పెద్దగా మారని ఒక చిన్న ముక్కకి. వార్తల్లో వచ్చే "కొత్త వైరస్" చాలాసార్లు ఆ ముక్కే! పైగా రెట్టలో గబ్బిలం తిన్న పురుగుల వైరస్‌లు కూడా కనిపిస్తాయి, అవీ గబ్బిలానివే అనుకుంటే అయిపోయినట్టే. ప్రాణమున్న వైరస్‌ని బయటికి తీయడం వేరే పని. ఎబోలాకి చుట్టమైన మార్బర్గ్ వైరస్‌ని ఉగాండాలో ఈజిప్షియన్ ఫ్రూట్ గబ్బిలాల నుంచి అలా తీశారు, ఎబోలా విషయంలో మాత్రం యాంటీబాడీలు, ఆర్‌ఎన్‌ఏ ముక్కలే దొరికాయి.

ఎవరి నుంచి ఎవరికి అన్నది వైరస్‌ల జన్యు అక్షరాలు పోల్చి, వంశవృక్షం గీసి చూస్తారు. మెర్స్ అనే ఇంకో కరోనా వైరస్‌ని తీసుకోండి, మనుషుల్లో దొరికిన వైరస్‌లు ఒంటెల వైరస్‌ల కొమ్మల మధ్య అక్కడక్కడా చిన్న గుత్తుల్లా ఉంటాయి, అంటే ఒంటె నుంచి మనిషికి చాలాసార్లు దూకింది, కానీ మనుషుల్లో ఎక్కువ దూరం పోలేదు. ఇంత తేలిగ్గా అన్నిసార్లూ తేలదు, ఎందుకంటే కరోనా వైరస్‌లు ఒకదాని ముక్క ఇంకొకటి తీసేసుకుంటాయి, దాంతో ఒక్కో జీన్‌కి ఒక్కో వంశవృక్షం వస్తుంది. పాత సార్స్ వైరస్‌లోని ముక్కలన్నీ యున్నాన్‌లో ఒకే గుహలోని వేర్వేరు గబ్బిలం వైరస్‌లలో ఉన్నాయని 2017లో తేలింది. నాకైతే మొత్తం పోలిక శాతం కన్నా, వైరస్ మీద ముల్లులా ఉండే స్పైక్ ప్రొటీన్, మన కణాల మీద అది పట్టుకునే ఏసీఈ2 అనే ప్రొటీన్‌కి అతుక్కుంటుందా లేదా అన్నదే పెద్ద ప్రశ్న.

గబ్బిలాల్ని లేకుండా చేయడం అంటారా, అదీ చేసి చూశారు. ఉగాండాలో కితాకా గనిలో 2007లో కార్మికులకి మార్బర్గ్ వచ్చాక అక్కడి గబ్బిలాలన్నిటినీ చంపేశారు. తర్వాత కొత్త గుంపులు వచ్చి చేరాయి, 2012లో టెస్ట్ చేస్తే వైరస్ ఉన్నవాటి శాతం ముందుకంటే ఎక్కువే ఉంది.