రేడియోనా, వేలంపాటనా? రాయగడ నుంచి రాసిన తండ్రికి జవాబు

రాయగడలో బట్టల కొట్టు నడుపుతున్న ఒక తండ్రి రాశారు. అబ్బాయి ప్లస్ టూ సైన్స్ పూర్తి చేశాడు, మార్కులు ఫర్వాలేదు. కానీ బీటెక్ వద్దట, రేడియోలో పని చేస్తాడట. అది కుదరకపోతే తాతగారు వదిలివెళ్లిన గ్రామఫోన్ రికార్డులతో, పాత మర్ఫీ రేడియోతో మొదలుపెట్టి పాటగాళ్ల వస్తువుల వేలం వ్యాపారంలోకి దిగుతానంటున్నాడట. ఎవరిదో గిటార్ కోట్లకు పోయిందని ఫోన్లో చూశాడు మరి. "రెండింట్లో దేనికి భవిష్యత్తు ఉందో పోల్చి చెప్పండి. రెండూ దండగైతే మీరే వాడికి నచ్చజెప్పండి" అని ఆయన అడిగారు.

అయ్యా, జయపురం నుంచి, గుణుపూర్ నుంచి, పర్లాకిమిడి నుంచి నాకు ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఒకరి పిల్లాడు ఫొటోగ్రఫీ అంటాడు, ఇంకొకరి అమ్మాయి యూట్యూబ్ అంటుంది, కానీ రాసే తల్లిదండ్రుల భయం మాత్రం ఒకటే. పాతికేళ్లొచ్చాక పిల్లాడు ఇంట్లో ఖాళీగా కూర్చుంటే ఎలా, బొబ్బిలిలో, పార్వతీపురంలో ఉన్న చుట్టాలకి ఏం చెప్పాలి అని. కాబట్టి ముందు దాని సంగతే చెబుతాను. మీవాడికి ఇష్టమైనది ఒకటుంది, దాని పేరు నోరు విప్పి మీతో చెప్పాడు. ఏం చదవాలని ఉంది నాన్నా అంటే నేల చూపులు చూసే పిల్లలు నా దగ్గరికి ఎంతమంది వస్తారో మీకు తెలియదు. అడిగింది చెప్పగలిగిన పిల్లాడు ఖాళీగా కూర్చోవడం తక్కువ. మూడేళ్ల మామూలు డిగ్రీ చేసినంత మాత్రాన ఏ దారీ మూసుకుపోదు, ఆ తర్వాత కూడా పోటీ పరీక్షలు రాసుకోవచ్చు, కావాలంటే మీ కొట్టులోనే కూర్చోవచ్చు. టెన్షన్ తగ్గించుకోండి.

ఇక వేలం సంగతి. దీని మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి, దాచుకోను. మీవాడు చూసింది బహుశా అమెరికా రాక్ గాయకుడు కర్ట్ కోబెయిన్ గిటార్ గురించి అయ్యుంటుంది. 1993లో ఎంటీవీ కచేరీలో ఆయన వాయించిన ఆ గిటార్ 2020లో అమెరికాలో 60 లక్షల డాలర్లకు, అంటే అప్పటి లెక్కన దాదాపు 45 కోట్ల రూపాయలకు పోయింది. నిజమే. అయితే ఆ ధర చెక్కకు వచ్చింది కాదు. ఆ మనిషి దాన్ని వాయిస్తుండగా లోకమంతా చూసిన వీడియో ఉంది, చేతులు మారిన ప్రతిసారీ కాగితం ఉంది, అందుకే అంత పలికింది. 2019లో పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందంలో గిటార్ వాయించిన డేవిడ్ గిల్మర్ న్యూయార్క్‌లో తన గిటార్లు అమ్మితే రెండు కోట్ల డాలర్ల పైచిలుకు వచ్చింది, ఆయన ఆ డబ్బంతా వాతావరణ మార్పు మీద పనిచేసే సంస్థకు ఇచ్చేశారు. అమ్మింది ఆ వస్తువులు ఎవరివో ఆయనే. మధ్యలో నిలబడి బతికింది వేలం కంపెనీ, దాని వెనక దశాబ్దాల పేరు, లాయర్లు, బీమా, నిపుణులు. ఇందులో రాయగడ కుర్రాడు దూరే సందు ఎక్కడుందో నాకైతే కనబడటం లేదు.

మీ ఇంట్లో రికార్డుల విలువ తెలుసుకోవాలంటే ఒక పని చేయించండి. కుక్క బొమ్మ రికార్డు ఒకటి తీసి, కిటికీ దగ్గర వాలుగా పట్టుకుని చూడమనండి. నల్లగా నిగనిగలాడితే మంచిదే. బూడిద రంగు తేలిందంటే బరువైన సూది ఆ గీతల్ని తినేసినట్టే, అది పాడుతుంది గానీ పాట కన్నా గరగర ఎక్కువ వినబడుతుంది. లేబుల్ పక్కన నున్నటి చోట చిన్న అక్షరాలు, అంకెలు చెక్కి ఉంటాయి, అవి రికార్డింగ్ నంబర్లు. వాటిని ఒక నోటు పుస్తకంలో ఎక్కించమనండి, పక్కనే పాడినవాళ్ల పేరు, ఎక్కడ కొన్నారో మీ అమ్మగారికి గుర్తుంటే అదీ. వ్యాపారం సంగతి అలా ఉంచండి, ఈ పని చేస్తూ మీవాడు విసుక్కున్నాడా, రాత్రి భోజనం మర్చిపోయాడా అన్నది గమనించండి. భోజనం మర్చిపోతే వాడికి పనికొచ్చే చదువు ఉంది. మ్యూజియాలజీ అంటారు, మ్యూజియంలలో పాత వస్తువుల్ని భద్రపరిచే విద్య, బరోడాలో ఎమ్మెస్ యూనివర్సిటీలో, కలకత్తా యూనివర్సిటీలో పీజీ ఉంది. పాత సంగీతాన్ని భద్రపరిచే ఆర్కైవ్‌లు గురుగ్రామ్ లాంటి చోట్ల ఉన్నాయి. జీతాలు పెద్దవి కావు, పోస్టులూ తక్కువే, కానీ అది పని, జూదం కాదు. ఒక్క జాగ్రత్త. నూరేళ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తించవచ్చు, కాబట్టి విదేశాల్లో కొనేవాడు దొరికాడని పార్సిల్ కట్టేయకండి.

రేడియో మీద నాకు అంత బెంగ లేదు. అలాగని జీతం చూసి చెబుతున్న మాట కాదిది. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌గా, అంటే అవసరమైనప్పుడు డ్యూటీ లెక్కన పిలిచే అనౌన్సర్‌గా ఎంపికైనా నెలకు మహా అయితే ఆరు డ్యూటీలు, దాంతో ఇల్లు గడవదు. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్ఎం ఛానళ్ల వేలానికి ఒప్పుకుంది, అది ఆశే. కానీ ఛానల్ వస్తే ఉద్యోగాలొస్తాయని లెక్కేసుకోకండి, ఒకచోట చేసిన కార్యక్రమాన్ని నాలుగు ఊళ్లలో వేసుకునే పద్ధతి ఉంది. నార్వే 2017లోనే జాతీయ ఛానళ్లను ఎఫ్ఎం నుంచి డిజిటల్‌కు మార్చింది. 2024 అక్టోబరులో పోలండ్‌లో ఒక రేడియో మనుషుల్ని తీసేసి ఏఐ గొంతులు పెట్టింది, జనం గోల చేస్తే వారం తిరక్కుండా ఆపేసింది. టవర్ మారుతుంది, పెట్టె మారుతుంది, మనతో మాట్లాడే మనిషి మాత్రం కావాలి.

మీవాడికి తెలుగు, ఒడియా, హిందీ వచ్చు కదా. అది ఇంట్లో అందరికీ వచ్చు కాబట్టి మీకు ఆనడం లేదు. కొండల్లోని కోందులు మాట్లాడే కూవి భాష కూడా కొంచెం పట్టుకుంటే కోరాపుట్, రాయగడ కొండల్లో వాడి గొంతుకి పోటీ వచ్చేవాళ్లు తక్కువ. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి సంగం రేడియో నడుపుతున్నారు, కోణార్క్‌లో రేడియో నమస్కార్ ఉంది. ఇవి కమ్యూనిటీ రేడియోలు, అంటే స్థానిక జనం కోసం లాభం చూసుకోకుండా నడిచేవి, పెద్ద జీతాలు ఇవ్వలేవు, కానీ రాయడం, రికార్డు చేయడం, ఎడిటింగ్, జనంతో మాట్లాడటం అన్నీ ఒకే చోట నేర్పుతాయి. ఆ పనులు వచ్చినవాడు పాడ్‌కాస్ట్‌కి, ఆడియో పుస్తకాలకి, డబ్బింగ్‌కి కూడా పనికొస్తాడు. కాబట్టి బరంపురంలోనో విశాఖలోనో డిగ్రీ, వేసవి సెలవుల్లో అలాంటి రేడియోలో పని, డిగ్రీ అయ్యాక ఢెంకానాల్‌లో జర్నలిజం నేర్పే కేంద్ర సంస్థ ఐఐఎంసీకి ప్రయత్నం. నేను చెప్పే దారి ఇది.

ఇప్పుడు మిమ్మల్ని కొంచెం కోప్పడాలి. మీ ఉత్తరంలో మార్కుల గురించి అంత రాశారు, పక్కింటివాళ్ల అబ్బాయి భువనేశ్వర్లో ఏ కాలేజీలో చేరాడో కూడా రాశారు, మీవాడు రేడియోలో ఏం చేయాలనుకుంటున్నాడో ఒక్క ముక్క లేదు. పాటలు వేయాలనా, వార్తలు చదవాలనా, మెషీన్ల దగ్గర కూర్చోవాలనా? ఈ మూడూ వేరు వేరు చదువులు. అడగలేదన్నమాట! పైగా "ఆ చెత్తంతా పాత సామాన్లవాడికి వేసేస్తా" అని బెదిరించానని మీరే రాశారు. అది మీ నాన్నగారి సొత్తు, వాడు వాటిని పట్టుకుని ఉన్నాడంటే తాతగారంటే ప్రేమ ఉన్నట్టు. దానికి కోపమెందుకండీ? బీటెక్ మేనేజ్‌మెంట్ సీటు కోసం అప్పు చేసే ఆలోచన ఉంటే ఈ నెలకి ఆపండి. ఇష్టంలేని నాలుగేళ్ల కోసం చేసిన అప్పు తీర్చలేక నలిగిపోయిన ఇళ్లు చాలా చూశాను.

ఈ ఆదివారం కొట్టు మూశాక వాణ్ని కూర్చోబెట్టుకుని ఆ మూడు ప్రశ్నలూ అడగండి, ఏం చెప్పాడో నాకు రాయండి, అప్పుడు కాలేజీల పేర్లతో సహా మాట్లాడదాం. ఈలోగా ఆ రికార్డుల్ని పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టి, ఎండ తగలని చోట పెట్టించండి. దుమ్ముంటే పొడి మెత్తటి గుడ్డ చాలు, స్పిరిట్ మాత్రం వాడొద్దు, ఆ పాత రికార్డుల లక్క దానికి కరిగిపోతుంది.