మస్టర్ల షీట్‌లో వార్త పట్టాలంటే

తమ్ముడూ,

ఉపాధి హామీ మస్టర్ల (కూలీల హాజరు పట్టీల) ఫైలు దొరికిందనీ, వేల వరుసలు చూసి తల తిరుగుతోందనీ రాశావు. టెన్షన్ పడకు. ముందు అసలు ఫైలును ముట్టుకోకుండా పక్కన పెట్టి, కాపీ మీద పని చెయ్యి. ఊళ్లో మనిషిని అడిగేలాంటి ప్రశ్న ఒకటి అనుకో: సంక్రాంతి రోజున పనికి ఎవరెళ్లారు? తేదీకి ఫిల్టర్ పెట్టి చూడు. పండగ నాడు ఏదైనా పంచాయతీలో హాజరు నిండుగా ఉంటే అక్కడికి బస్సెక్కాల్సిందే. తేదీ తప్పుగా ఎక్కించారేమో కూలీలను అడిగితేనే తేలుతుంది.

పంచాయతీల వారీ మొత్తాలకు పివట్ టేబుల్ (వరుసల్ని గుంపులుగా కూడి చూపే ఎక్సెల్ పట్టిక) వెయ్యి. మనవాళ్లు చాలామంది దానికి జడిసి కాలిక్యులేటర్ పట్టుకు కూర్చుంటారు, ఎందుకో మరి. పనిదినాలను మాత్రం ఇంటికొకటి ఇచ్చే జాబ్ కార్డు వారీగా కూడు. హామీ ఇచ్చిన రోజులు ఇంటికి లెక్క, మనిషికి కాదు. పైగా ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు ఊరికి ఎంతమందో నీకు తెలియంది కాదు.

డూప్లికేట్లు కనిపించగానే ఎగిరి గంతెయ్యకు. 15 అంకెలు దాటిన నంబరును ఎక్సెల్ సంఖ్యగా తీసుకుంటే ఆ తర్వాతి అంకెల్ని సున్నాలు చేసేస్తుంది. చివరి అంకెలో మాత్రమే తేడా ఉన్న రెండు 16 అంకెల ఖాతాలు ఒకటైపోతాయి. నువ్వేమో 'ఒకే ఖాతాలోకి ఇద్దరి కూలి' అని హెడ్డింగ్ పెట్టేస్తావు. ఫైలు తెరిచేటప్పుడే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టుకో.

జిల్లాలను పోల్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26. 2015 నాటి ఖమ్మాన్ని 2017 నాటి ఖమ్మం పక్కన పెడితే బడులు, బోర్లు, కేసులు అన్నీ ఒక్కసారిగా తగ్గినట్టు కనిపిస్తాయి. కొత్తగూడెం వైపు మండలాలు వేరే జిల్లాకు పోయాయి మరి! మండలాల లెక్కలతో పాత జిల్లాను మళ్లీ పేర్చుకుంటేనే పోలిక నిలుస్తుంది. కొత్త మండలాలూ పుట్టాయి కాబట్టి ఒక్కోసారి గ్రామాల దాకా దిగాలి.

వార్తలో అంకెలు రెండు మూడు చాలు. మొదటి పేరాలో పండగ నాడు ఇంట్లో అరిసెలు వండుతూనే మస్టర్‌లో హాజరైపోయిన మనిషి కనిపించాలి, పేరు ఆమె ఒప్పుకుంటేనే. ఆ వరుసలు ప్రింటు తీసి ఎంపీడీఓకు ఇచ్చి వివరణ అడుగు. డెస్క్‌కు ఐటెమ్‌తో పాటు షీటూ పంపు. ఏది ఎలా లెక్కగట్టావో అందులోనే వేరే ట్యాబ్‌లో రాసిపెట్టు. లీగల్ నోటీసు వస్తే ముందు అడిగేది అదే.