లెక్కపెడుతూ గిటార్ స్ట్రమ్ చేస్తే చెయ్యి ఆగిపోతోందా?

"వన్ అండ్ టూ అండ్ అని లెక్కపెడితే స్ట్రమ్మింగ్ ఆగిపోతోంది, స్ట్రమ్మింగ్ మీద ధ్యాస పెడితే లెక్క పోతోంది, ఏం చేయాలి" అని గిటార్ నేర్చుకుంటున్న మీరు అడిగారు. స్ట్రమ్మింగ్ అంటే తీగల మీదుగా చెయ్యి ఆడిస్తూ అన్నిటినీ కలిపి మీటడం. నాదీ రెండేళ్ల పాటు అదే గోల. కార్డులు (ఎడమచేత్తో తీగలు నొక్కి పట్టే స్వరాల కలయికలు) బాగానే పట్టేవాణ్ణి. పాట మొదలుపెడితే మాత్రం రెండో లైనుకే తాళం ఎటో పోయేది.

ఒకసారి మా కాలనీ వినాయకుడి పందిట్లో భజనకి గిటార్ పట్టుకుని కూర్చున్నాను. పక్కన డోలక్ వాయించే బాబాయ్ కాసేపు ఓపిక పట్టి, "ఎక్కడికిరా ఆ పరుగు? ఖాళీ వచ్చిన చోటల్లా తోసుకుంటూ ముందుకెళ్లిపోతున్నావ్" అన్నాడు. తర్వాత గిటార్ పక్కన పెట్టించి, తొడ మీద తట్టిస్తూ అరగంట సేపు నా చేత తకధిమి అనిపించాడు. అప్పుడు చిరాకేసింది కానీ, నా జబ్బు కుదిరింది అక్కడే.

ప్రశ్నలో మీరు చెప్పిన నాలుగు బీట్ల ప్యాటర్న్, అదే డౌన్, డౌన్ అప్, అప్ డౌన్ అప్ (డౌన్ అంటే చెయ్యి కిందికి, అప్ అంటే పైకి), చాలామంది మొదట్లోనే నేర్చుకునేదే. చిక్కంతా మూడో బీట్ దగ్గర. అక్కడ స్ట్రోక్ లేదు కదా అని చెయ్యి ఆపేస్తాం. ఆపకూడదు. తీగలకి తగలకుండా గాల్లోనే కిందికి రావాలి. గడియారం లోలకంలా చెయ్యి ఆడుతూనే ఉంటుంది, కొన్నిసార్లు తీగలకి తగులుతుంది, కొన్నిసార్లు తగలదు, అంతే తేడా.

బీటుకి రెండక్షరాల చొప్పున ఇలా అనండి: త (క) ధిమి, (త) కధిమి. బ్రాకెట్లో ఉన్నవి గొణగండి, మిగతావి గట్టిగా అనండి. త, ధి అన్నప్పుడు చెయ్యి కిందికి, క, మి అన్నప్పుడు పైకి. గొణిగిన చోట కూడా చెయ్యి కదలాలి. నాకైతే 'వన్ అండ్ టూ అండ్' కన్నా ఇదే నోటికి పట్టింది, చిన్నప్పటి నుంచి విన్న మాట కాబట్టేమో.

మొదటి వారం కార్డులు పట్టకండి. ఎడమచేతి వేళ్లు తీగల మీద ఊరికే ఆనిస్తే 'చక్ చక్' అని మొద్దు శబ్దం వస్తుంది, అది చాలు. కార్డు మార్చే టెన్షన్ లేకపోతే చెవి తాళం మీదే ఉంటుంది. మా ఇంట్లో వాళ్లు మాత్రం కొబ్బరి కోరుతున్నావా అని అడిగేవారు.

మెట్రోనోమ్ (తాళానికి క్లిక్ క్లిక్ మనే పరికరం) 60లో, అంటే నిమిషానికి 60 క్లిక్కుల్లో పెట్టి, ముందు క్లిక్కుకి రెండక్షరాలే అనండి. అది కుదిరాక, స్పీడు పెంచకుండానే ఒక్కో క్లిక్కుకి తకధిమి మొత్తం అనండి. అవే సిక్స్‌టీంత్ నోట్స్, అంటే బీటుకి నాలుగు. చెయ్యి ఇప్పుడు క్లిక్కుకి రెండుసార్లు కిందికి, రెండుసార్లు పైకి వెళ్తుంది. మోచేతితో కొడితే ఐదు నిమిషాల్లో భుజం పట్టేస్తుంది, మణికట్టు వదులుగా ఉంచండి.

ట్రిప్లెట్లకి, అంటే బీటుని మూడు సమాన భాగాలు చేసినప్పుడు, తకిట. ఇది కొంచెం తికమక పెడుతుంది. డౌన్, అప్ వరస తప్పకుండా కొడితే మొదటి తకిట డౌన్‌తో మొదలై, రెండోది అప్‌తో మొదలవుతుంది. ఆ అప్ మీద గట్టిగా కొట్టడం నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. అందుకని నెమ్మది పాటల్లో ప్రతి తకిటకీ డౌన్ అప్ డౌన్ అని మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటాను. వేగం పెరిగితే ఆ కిటుకు పనిచేయదు.

ఇంకో మాట, రోజూ ఒక నిమిషం ఫోన్లో రికార్డ్ చేసుకుని వినండి. వాయిస్తున్నప్పుడు అంతా బాగానే ఉందనిపిస్తుంది. మీరు ఎక్కడ పరిగెత్తారో మర్నాడు వింటే తెలుస్తుంది. నేనైతే కార్డు మారే ముందు, ఆఖరి 'ధిమి' దగ్గర ప్రతిసారీ దొరికిపోయేవాణ్ణి.