రాత్రంతా చెరువు గట్టు మీదే కూర్చుంటున్నారు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ఊరు. మావారికి 46 ఏళ్లు. లీజు చెరువులో రొయ్యలు వేస్తే వైట్ స్పాట్ అనే తెగులు వచ్చి వరుసగా రెండు పంటలు పోయాయి. మళ్లీ అప్పు చేసి రొయ్య పిల్ల వేశారు. ఇప్పుడు రాత్రంతా గట్టు మీదే ఉంటున్నారు. మాట్లాడరు, అన్నం కెలికి లేచిపోతారు. మా ఊరి కుర్రాళ్లు మగవాళ్ల మానసిక ఆరోగ్యం గురించి కమ్యూనిటీ హాల్లో సమావేశం పెడుతున్నారు. వెళ్లమంటే "నాకేమైనా పిచ్చా?" అని కసిరారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఆయన్ని మళ్లీ వెళ్లమనకండి. మీరే కుర్రాళ్ల దగ్గరికి వెళ్లి, ఆయనకో పని అప్పజెప్పమనండి. కుర్చీలు వేయించడమో, టీలు చూసుకోవడమో. "బాబాయ్, మీరు లేకపోతే అవ్వదు" అని వాళ్లొచ్చి పిలిస్తే ఆయన కాదనలేరు. మన వైపు మగవాళ్లు ఎదురెదురుగా కూర్చుని బాధ చెప్పుకోరు. చెరువులో వేలాడదీసిన మేత పళ్లెం, అదే చెక్ ట్రే, పైకి లాగి, మేత మిగిలిందేమో చూస్తూ, పక్కవాడితో "ఈసారి కూడా తేడా వస్తే కష్టంరా" అంటారు. అంతే, మనసు విప్పినట్టే. ఆస్ట్రేలియాలో 1990ల్లో మొదలైన 'మెన్స్ షెడ్'లలోనూ ఇదే పద్ధతి. చెక్క పనో, రిపేరో చేసుకుంటూ పక్కపక్కన కబుర్లు.

అమావాస్య, పౌర్ణమి దగ్గర సమావేశం పెట్టొద్దని కూడా చెప్పండి. రొయ్య కుబుసం విడిచే రోజుల్లో ఏ రైతూ గట్టు వదిలి రాడు. బీపీ, షుగర్ పరీక్షలు కలిపితే ఆ వంకతో పదిమందీ వస్తారు. ఇవన్నీ ఎందుకనే పెద్దలకి ఈ లెక్క చూపించండి. 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో 1,22,724 మంది మగవాళ్లే.

అందుకే, సమావేశం దాకా ఆగకూడని పని ఒకటుంది. ఇవాళ రాత్రి ఫ్లాస్కులో టీ పోసుకుని గట్టు మీదికి వెళ్లండి. కాసేపు ఏమీ అడగొద్దు. తర్వాత సూటిగా, మెల్లగా "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడకండి, అలా జరగదు. అవునన్నా, జవాబు చెప్పకుండా తల దించుకున్నా ఆయన్ని ఒంటరిగా వదలకండి. షెడ్డులో, ఇంట్లో ఉన్న పురుగుమందులు అక్కడినుంచి తీయించెయ్యండి. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్, ఏ వేళలోనైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఆయన చేయనంటే మీరే చేయొచ్చు. ఆయన కాదన్నా సరే, నిద్ర, ఆకలి రెండూ పోయాయి కాబట్టి ఈ వారంలోనే మానసిక వైద్యుడికి చూపించాలి. "నిద్ర పట్టడానికి" అని చెప్పి తీసుకెళ్లండి, అది అబద్ధమేమీ కాదు.

సమావేశం అప్పు తీర్చదు, నిజమే. మేత డీలరుకి ఎంత, లీజుకి ఎంత, బయటి వడ్డీకి ఎంత అన్నది ఆయన ఒక్కరి బుర్రలోనే తిరుగుతోంది. మీ అన్నయ్యనో, ఆయన మాట వినే స్నేహితుణ్నో పిలిచి, ముగ్గురూ కూర్చుని కాగితం మీద రాయండి. ముందు ఎవరికి కట్టాలో, ఎవరిని గడువు అడగొచ్చో అప్పుడు తెలుస్తుంది.

ఎలా జరిగిందో మళ్లీ రాయండి. మీరు నిద్రపోతున్నారో లేదో కూడా రాయండి. ఉత్తరంలో ఆ సంగతి లేదు.