తపాలా శాఖ నష్టాల్లో ఉంటే మన డిపాజిట్లకు ప్రమాదమా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. టీచరుగా రిటైరైన మా నాన్నగారు ఏడాదిన్నర కిందట పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో 15 లక్షలు వేశారు. అమ్మ ఊళ్లోని బ్రాంచి పోస్టాఫీసులో నెలనెలా ఆర్.డి. కడుతోంది. తపాలా శాఖ వేల కోట్ల నష్టాల్లో ఉందని, రిజిస్టర్డ్ పోస్టు కూడా ఎత్తేశారని, రేపో మాపో ప్రైవేటుకు ఇచ్చేస్తారని మా బాబాయి అంటున్నారు. డబ్బంతా తీసి ఒక ఫైనాన్స్ కంపెనీలో పెట్టమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తీయకండి. రెండేళ్లు నిండకుండా ఆ ఖాతా మూస్తే అసలులో ఒకటిన్నర శాతం, అంటే 22,500 రూపాయలు పోతాయి. ఆ నష్టం ఒక పుకారు కోసం భరించడమే అవుతుంది.

తపాలా శాఖకు లోటు ఉన్న మాట నిజమే. ఉత్తరాలు తగ్గాయి, జీతాలూ పెన్షన్లూ పెరిగాయి, పోస్టుకార్డు మాత్రం ఇప్పటికీ 50 పైసలే. కానీ అది కంపెనీ కాదు, కేంద్ర ప్రభుత్వ శాఖ. లోటును కేంద్ర బడ్జెట్ భరిస్తుంది. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపారు తప్ప ఆ సేవను మూసేయలేదు.

అసలు విషయం వేరే ఉంది. మీ నాన్నగారు వేసిన డబ్బు తపాలా శాఖది కాదు. ప్రభుత్వ పొదుపు ప్రోత్సాహక చట్టం, 1873 కింద నడిచే ఈ పథకాల్లో పోస్టాఫీసు ఆర్థిక శాఖ తరఫున పనిచేసే ఏజెంటు మాత్రమే. డబ్బు 1999లో ఏర్పాటైన జాతీయ చిన్న పొదుపు నిధికి, అంటే భారత ప్రభుత్వ పబ్లిక్ అకౌంటుకు (ప్రజలకు తిరిగి ఇవ్వాల్సిన సొమ్మును ప్రభుత్వం ఉంచే ఖాతాకు) చేరుతుంది. తిరిగి ఇవ్వాల్సిన బాకీదారు కేంద్ర ప్రభుత్వమే. రేపు ఉత్తరాల బట్వాడాను ఏ కంపెనీకి అప్పగించినా ఈ బాకీ దానితో పాటు బదిలీ అయిపోదు. బ్యాంకు డిపాజిట్లకున్న 5 లక్షల బీమా పరిమితి కూడా వీటికి లేదు, మొత్తానికీ ప్రభుత్వమే పూచీ. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా మాత్రం వేరు. పోస్టుమ్యానే తెరిచినా అది బ్యాంకు ఖాతాయే, దానికి బ్యాంకు నియమాలే.

ఇక బాబాయిగారు చెప్పిన ఫైనాన్స్ కంపెనీ. అగ్రిగోల్డ్‌లో డబ్బు వేసిన లక్షల మంది ఎన్నేళ్లు తిరిగారో మన వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అక్కడ ప్రభుత్వ పూచీ ఉండదు.

నాకు నిజంగా టెన్షన్ కలిగించేది అమ్మగారి ఆర్.డి. పల్లెల్లో చాలామంది పాసుబుక్కును బ్రాంచి పోస్టుమాస్టరు దగ్గరే వదిలేస్తారు. తెలిసిన మనిషే కదా అని రసీదు అడగరు. డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. పుస్తకం ఇంట్లో పెట్టుకోమనండి, కట్టిన ప్రతిసారీ మిషన్ రసీదు తీసుకోమనండి, ఫోన్ నంబరు ఖాతాకు కలపండి. వీలు చూసుకుని సబ్ పోస్టాఫీసులో కంప్యూటర్ లెక్కతో పుస్తకం సరిచూడండి.

ఒకవేళ తేడా కనిపిస్తే డివిజన్ సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. సొమ్ము కాజేసి ఉంటే పోలీసులకూ చెప్పండి. ప్రభుత్వోద్యోగి నమ్మకద్రోహం భారతీయ న్యాయ సంహితలో 316(5) సెక్షన్ కిందకు వస్తుంది. 'అది ఉద్యోగి తప్పు, మాకు సంబంధం లేదు' అంటే ఒప్పుకోకండి. కిసాన్ వికాస్ పత్రాల సొమ్ము ఏజెంటు కాజేసిన ప్రదీప్ కుమార్ కేసులో 2022లో సుప్రీంకోర్టు, సిబ్బంది విధి నిర్వహణలో చేసిన మోసానికి పోస్టాఫీసు బాధ్యత వహించాల్సిందేనని తేల్చింది.

కొందరు అధికారులు పోస్టాఫీసు చట్టం, 2023లోని 10వ సెక్షన్ చూపిస్తారు. సేవల విషయంలో నియమాల్లో చెప్పినంత బాధ్యతే ఉంటుందని అందులో ఉంది. ఉత్తరమో పార్శిలో పోయినప్పుడు ఆ అడ్డంకి నిజమైనదే, నాకైతే అది ప్రజలకు అన్యాయమనే అనిపిస్తుంది. డిపాజిట్ సంగతి అలా కాదు. మీరు అడుగుతున్నది నష్టపరిహారం కాదు, మీ బాకీ. నా అభిప్రాయంలో ఆ సెక్షన్ దీనికి అడ్డురాదు.

జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు. కట్టిన సొమ్ము 5 లక్షల వరకైతే ఫీజు ఉండదు. పాసుబుక్కు, రసీదులు, ఫిర్యాదు కాపీ జిరాక్సులు తీసి అసలువి మీ దగ్గరే ఉంచుకోండి.