కోర్మన్ పార్క్ అంటే ఊరా, పార్కా?

ప్రశ్న: మా అబ్బాయి వాళ్లు కెనడాలో సాస్కటూన్ బయట పదెకరాల స్థలంతో ఇల్లు కొన్నారు. కాగితాల్లో ‘ఆర్.ఎం. ఆఫ్ కోర్మన్ పార్క్ నంబర్ 344’ అని ఉంది. అది మున్సిపాలిటీయే అంటాడు వాడు. వీడియో కాల్‌లో చూస్తే ఒక్క వీధి లేదు, కనుచూపు మేర పొలాలే. ఇదేం మున్సిపాలిటీ?

జవాబు: మీ అనుమానం సబబే. ఆర్.ఎం. అంటే రూరల్ మున్సిపాలిటీ, దాన్ని ఒక ఊరు అనుకోకుండా ఊళ్ల మధ్య మిగిలిన నేల అనుకుంటే సగం చిక్కు వీడిపోతుంది. సస్కాచివాన్ ప్రావిన్స్ (మన రాష్ట్రం లాంటిది) దక్షిణాన ఇలాంటివి దాదాపు 300 ఉన్నాయి. కోర్మన్ పార్క్ సాస్కటూన్ చుట్టూ ఉంటుంది, నగరం మాత్రం అందులోకి రాదు, గారెకి చిల్లులాగ. వార్మన్, మార్టెన్స్‌విల్ కూడా దాని మధ్యలోనే ఉన్నా వాటి కౌన్సిళ్లు వాటివే. పార్కు మాటకొస్తే, 1970లో కోరీ, వార్మన్, పార్క్ అనే పాత ఆర్.ఎం.ల ప్రాంతాల్ని కలిపి, మూడు పేర్ల నుంచీ తలా ఒక ముక్క తీసి ఈ పేరు అతికించారు. అంతే, ఉయ్యాలలూ జారుడుబల్లలూ వెతక్కండి.

వీధులు ఎందుకు లేవంటే, అక్కడి నేలంతా ఎప్పుడో గళ్లనోటుబుక్కులా కొలిచేశారు. ఆరు మైళ్ల చదరం ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు, దాంట్లో పావు 160 ఎకరాలు, దాన్నే ‘క్వార్టర్’ అంటారు. మీవాడి దస్తావేజులో ‘ఎన్‌డబ్ల్యూ 14-38-4 డబ్ల్యూ3’ లాంటిది కనిపిస్తే కంగారు పడొద్దు: అమెరికా సరిహద్దు నుంచి పైకి లెక్కపెడితే 38వ టౌన్‌షిప్, మూడో మెరిడియన్‌కి (సర్వే కోసం ఎంచుకున్న ఉత్తర-దక్షిణ గీత) పడమర నాలుగో వరస (దీన్నే ‘రేంజ్’ అంటారు), అందులో 14వ సెక్షన్ వాయవ్యపు పావు అని అర్థం. రోడ్ల పేర్లు కూడా రేంజ్ రోడ్డు, టౌన్‌షిప్ రోడ్డు అంటూ నంబర్లే. ఆ నంబర్లు కోడలికీ పిల్లలకీ కంఠతా వచ్చి ఉండాలి, అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసినప్పుడు ‘గుడి పక్క సందు’ అని చెప్పడానికి అక్కడ సందూ ఉండదు, గుడీ ఉండదు.

ప్రశ్న: మరి నీళ్లు, కరెంటు, మంచు తీయడం, ఇవన్నీ ఆ ఆర్.ఎం. వాళ్లే చూస్తారా? పన్ను మాత్రం బాగానే వేశారట.

జవాబు: అన్నీ కాదు. ఆర్.ఎం. అసలు పని రోడ్లు. కంకర రోడ్ల మీద గ్రేడర్ (రోడ్డు చదును చేసే బండి) తిప్పడం, చలికాలం మంచు తోయడం, వసంతంలో మంచు కరిగి నేల మెత్తబడ్డప్పుడు బరువు లారీలు రాకుండా ఆంక్షలు పెట్టడం. ఇంటి గేటు లోపలి దారి మాత్రం మీవాడి బాధ్యతే, దానికి ట్రాక్టరో స్నోబ్లోయరో కొనుక్కోవాలి. కరెంటు సాస్క్‌పవర్, గ్యాస్ సాస్క్‌ఎనర్జీ, ఫోను సాస్క్‌టెల్, బండి రిజిస్ట్రేషన్, లైసెన్సు ఎస్‌జీఐ, ఇవన్నీ ప్రావిన్స్ ప్రభుత్వ సంస్థలు. ఆస్పత్రులు సస్కాచివాన్ హెల్త్ అథారిటీవి, బడీ బడి బస్సూ స్కూల్ డివిజన్‌వి.

నీళ్ల దగ్గరే నాకు కాస్త టెన్షన్. కొన్ని ఇళ్లకి బావి, కొన్నిటికి గ్రామీణ పైపులైను నుంచి సన్నగా వచ్చి టాంకు నింపే నీళ్లు, కొన్నిటికి లారీ తెచ్చి పోసే నీళ్లు. మీవాడిది ఏదో ఈపాటికి తెలిసే ఉంటుంది గానీ, బావి అయితే నీళ్లు పరీక్ష చేయించాడా లేదా అడగండి, ప్రైవేటు బావుల నీళ్లు పరీక్షించే ప్రావిన్స్ ల్యాబ్ రెజీనాలో ఉంది. మురుగునీటికి సెప్టిక్ ట్యాంకు, అది నిండితే డబ్బిచ్చి ఖాళీ చేయించుకోవాల్సింది తనే.

పన్ను బిల్లు చూసి ఆర్.ఎం.ని తిట్టుకోవద్దని చెప్పండి. అందులో చదువు పన్ను కూడా ఉంటుంది, దాని రేటు ప్రావిన్స్ ఖరారు చేస్తే వసూలు ఆర్.ఎం. చేస్తుంది. ఆస్తి విలువ కట్టేది కూడా వేరే సంస్థ.

ప్రశ్న: రాత్రిపూట మంటలు అంటుకుంటేనో, దొంగలొస్తేనో?

జవాబు: దేనికైనా 911. పోలీసులు రెండు రకాలు: ఆర్‌సీఎంపీ (కెనడా జాతీయ పోలీసులు), కోర్మన్ పార్క్ సొంత పోలీసులు. పల్లె ఆర్.ఎం.కి సొంత పోలీసులుండటం అక్కడ అరుదే. ఫైరింజన్ రావడానికి మాత్రం టైం పడుతుంది. గ్రామీణ ప్రాంతాల్లో చాలాచోట్ల ఫైరింజన్ వచ్చినందుకు స్థల యజమానికి బిల్లు కూడా వస్తుంది, కాబట్టి ఇంటి ఇన్సూరెన్సులో ఆ ఖర్చు కలిసి ఉందో లేదో ఈ వారమే చూసుకోమనండి. ఎండుగడ్డి తగలబెట్టే ముందు ప్రావిన్స్ నంబరుకి ఫోన్ చేసి చెప్పాలి, లేకపోతే దూరం నుంచి పొగ చూసినవాళ్లు ఫైరింజన్‌ని పిలిచేస్తారు.

ప్రశ్న: వాడికింకా పౌరసత్వం రాలేదు. వాడి మాట ఎవరు వింటారు?

జవాబు: ఓటు పౌరులకే. అక్కడ సర్పంచ్ లాంటి పెద్దని ‘రీవ్’ అంటారు, ఆయనతో పాటు డివిజన్‌కి ఒకరు చొప్పున కౌన్సిలర్లు. ఓటు లేకపోయినా గ్రేడర్ రాలేదని తన డివిజన్ కౌన్సిలర్‌కి ఫోన్ చేయొచ్చు, పన్ను కడుతున్నాడు కదా. అన్నట్టు, ఫోన్ అటు నుంచి కూడా రావచ్చు: ఆ పదెకరాల్లో లీఫీ స్పర్జ్ లాంటి, చట్టం హానికరమని గుర్తించిన కలుపు మొలిస్తే, ఆర్.ఎం. కలుపు ఇన్‌స్పెక్టర్ వచ్చి పీకించమని నోటీసిస్తాడు.